ఫెస్ పాతబస్తీని నడిచి చూడటం ఎలా: వాలు పట్టుకుని దిగండి

మొరాకో వెళ్లే మనవాళ్లలో చాలామంది మరకేష్ చూసి, ఎడారిలో ఒంటె ఎక్కి ఫొటో దిగి తిరిగొచ్చేస్తారు. ఫెస్‌కి ఒక పూట కేటాయిస్తే గొప్ప. నన్నడిగితే రెండు రోజులుండాల్సిన ఊరు అది. అయినా ఉన్నది ఒక్క పూటే అనుకుందాం. ఆ పూట తప్పిపోకుండా, జేబు ఖాళీ కాకుండా, మోకాళ్లు పట్టేయకుండా ఎలా తిరగాలో చెప్తాను. మోకాళ్ల మాట ఊరికే అనలేదు. నేను వెళ్లింది అరవై ఆరేళ్ల మా అమ్మతో.

ముందు ఊరి ఆకారం బుర్రలో పెట్టుకోండి. పాతబస్తీ పేరు ఫెస్ ఎల్ బాలి. 9వ శతాబ్దం మొదట్లో ఇద్రీసీ రాజుల కాలంలో పెరిగిన ఊరు, 1981 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. లోపలికి కార్లు దూరవు. సరుకంతా గాడిదల మీద, కంచరగాడిదల మీద, తోపుడు బండ్ల మీద పోవాల్సిందే. తొమ్మిది వేల సందులున్నాయని అంటారు. లెక్కపెట్టిందెవరో గానీ నడిచినవాళ్లెవరూ కాదనరు. సందుల్లో గోడలు ఎత్తు, మధ్య దారి ఇరుకు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే మనల్ని చూపించే నీలం చుక్క పక్కవాళ్లింటి మేడ మీద తిరుగుతుంటుంది.

కానీ ఈ ఊరు ఒక గిన్నె లాంటిది. పడమర అంచున, ఎత్తులో బాబ్ బూ జెలూద్ అనే గేటు. అడుగున ఏరు. కాబట్టి ఎక్కడ తప్పిపోయినా సూత్రం ఒకటే: దిగుతూ పోతే ఏరు వస్తుంది, ఏరు దాటకుండా ఎక్కుతూ పోతే గేటు వైపు వస్తారు. నేల వాలు చూసుకోండి చాలు. నేను దీన్ని రెండో రోజు కనిపెట్టాను. మీరు మొదటి రోజే వాడుకోండి.

ముందు రోజు రాత్రే చేయాల్సినవి

మొరాకో దిర్హామ్‌లు మన దగ్గర దొరకవు. ఎయిర్‌పోర్టులోనో ఊళ్లోని ఏటీఎంలోనో తీసుకోవాలి. ఉజ్జాయింపుగా దిర్హామ్ అంటే తొమ్మిది, పది రూపాయలు అనుకోండి. రెండు వందల నోట్లన్నీ ముందే విడగొట్టుకోండి. పాతబస్తీలో చిల్లర ఉన్నవాడే రాజు.

వెళ్లేది శుక్రవారం కాకుండా చూసుకోండి. ఆ రోజు చాలా దుకాణాలు మూసేస్తారు, మధ్యాహ్నం నమాజు తర్వాత అందరూ ఇంటికెళ్లి గోధుమ రవ్వతో వండే కుస్‌కుస్ తింటారు. ఖాళీ వీధులు ఫొటోలకు బాగుంటాయి గానీ, ఊరు పని చేస్తుంటే చూడటానికి కదా మనం వెళ్లేది. రంజాన్ నెలలోనూ వేళలన్నీ మారిపోతాయి. జులై, ఆగస్టుల్లో ఎండ మన రామగుండం ఎండకు తీసిపోదు. మార్చి నుంచి మే దాకా, మళ్లీ సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా హాయిగా తిరగొచ్చు.

చెప్పులొద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. రాళ్లు పరిచిన దారి, దాని మీద నీళ్లు, ఆ నీళ్లలో గాడిదలు చేసిన ఉపకారం. జారితే సర్రున పోతారు.

గైడును ఎలా కుదుర్చుకోవాలి

మొదటి పూటకు గైడు కావాలి. ఆ తర్వాత అక్కర్లేదు. లైసెన్సు ఉన్న గైడుకి పర్యాటక శాఖ ఇచ్చిన ఫొటో కార్డు ఉంటుంది, మెడలో వేసుకుని తిరుగుతారు. మీరు దిగిన హోటల్‌లోనో రియాద్‌లోనో అడిగితే పిలిపిస్తారు. రియాద్ అంటే మధ్యలో వాకిలి ఉన్న పాత ఇల్లు, మన మండువా లోగిలి లాంటిది. గేటు దగ్గర తారసపడి "నేను స్టూడెంట్‌ని, ఇంగ్లీషు ప్రాక్టీసు చేసుకుంటా" అనేవాళ్లను నవ్వుతూ వదిలేయండి.

గైడుతో నడక మొదలుకాకముందే మూడు సంగతులు తేల్చుకోవాలి. ఎన్ని గంటలు? డబ్బు మొత్తం అందరికీ కలిపా, మనిషికింతనా? మూడోదే ముఖ్యం: దుకాణాలకు తీసుకెళ్తారా? కార్పెట్ల షాపులో మీరు కొన్నదాంట్లో గైడుకు వాటా ఉండటం అక్కడ దాపరికం లేని విషయం. "మాకు షాపింగ్ వద్దు, తోళ్లు శుద్ధి చేసే తొట్లు చూసే మేడ ఒక్కటి చాలు" అని పొద్దున్నే మర్యాదగా చెప్పేస్తే ఆయనకూ టెన్షన్ ఉండదు, మీకూ ఉండదు. మేం చెప్పలేదు. దాంతో ఒక కార్పెట్ల షాపులో గంటన్నర కూర్చున్నాం. మూడు గ్లాసుల పుదీనా టీ, ఇరవై ఏడు కార్పెట్లు. ఒక్కొక్కటి దులిపి మా ముందు పరుస్తుంటే, కొనకుండా లేవడానికి అమ్మకు మనసొప్పలేదు. చివరికి దిండు గలీబు ఒకటి కొనుక్కుని బయటపడ్డాం. దాని ధర ఇక్కడ రాయను.

మొదటి అడుగు: నీలం గేటు, పొద్దున తొమ్మిదింటికి

బాబ్ బూ జెలూద్ బయటి వైపు నీలం, లోపలి వైపు ఆకుపచ్చ. చూస్తే వెయ్యేళ్ల నాటిదిలా ఉంటుంది గానీ కట్టింది 1913లో, ఫ్రెంచివాళ్లు వచ్చాక. దానికి కాస్త పక్కగా ఉన్న చిన్న గేటే అసలు పాతది. గైడు చెప్పకపోతే అడగండి.

టిఫిన్ ఇక్కడే కానిచ్చేయండి. శాకాహారులకు ఈ ఊళ్లో దొరికే వరం బిసారా. ఎండు ఫావా చిక్కుడు గింజల్ని మెత్తగా ఉడికించి, గిన్నెలో పోసి, పైన ఆలివ్ నూనె ధారగా వంచి, జీలకర్ర పొడి చల్లి ఇస్తారు. పక్కన గుండ్రటి రొట్టె. అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని "ముద్దపప్పులో నెయ్యి బదులు ఈ నూనె పోశారంతే" అని తేల్చేసింది. ఇంకో గిన్నె కూడా తెప్పించుకుంది. మసెమెన్ అనేది మడతలు పెట్టి కాల్చే పరోటా. వంకాయతో చేసే జాలూక్ మన వంకాయ పచ్చడికి దగ్గరి చుట్టం, కారం మాత్రం అడక్కండి. జాగ్రత్త పడాల్సింది హరీరా దగ్గర. అది పప్పుల సూప్ అనే చెప్తారు గానీ చాలాచోట్ల మాంసం వేసి కాస్తారు. మట్టి పాత్రలో వండే కూరగాయల తాజీన్‌లో కూడా ఒక్కోసారి మాంసం ఉడికిన నీళ్లు పోస్తారు. "బ్లా లహమ్" అంటే మాంసం లేకుండా అని. రెండుసార్లు చెప్పండి.

రెండు దారులు, ఒకటే వాలు

గేటు దాటాక లోపలికి రెండు ప్రధాన వీధులు. తలా కెబీరా అంటే పెద్ద ఎక్కుడు, తలా స్గీరా అంటే చిన్న ఎక్కుడు. పేరులోనే ఎక్కుడు ఉంది కదా, అందుకే మనం దిగే దిశలోనే నడుస్తాం. వెళ్లేటప్పుడు పెద్దది పట్టుకోండి. ఆగకుండా నడిస్తే అడుగుకు చేరడానికి ఇరవై ఇరవై ఐదు నిమిషాలు, చూస్తూ నడిస్తే మూడు నాలుగు గంటలు.

దారిలో ముందు నేర్చుకోవాల్సిన మాట "బలాక్!" తప్పుకో అని అర్థం. వెనక నుంచి అది వినబడగానే తిరిగి చూడకండి, ముందు గోడకు అతుక్కోండి. కంచరగాడిద సన్నగానే ఉంటుంది గానీ దాని రెండు పక్కలా వేలాడే గ్యాస్ సిలిండర్లు సన్నగా ఉండవు. నా ఎడమ మోచేతికి ఆ సంగతి ఇప్పటికీ గుర్తుంది.

గేటు నుంచి కాసేపట్లోనే బూ ఇనానియా మదర్సా వస్తుంది. టికెట్ కొని లోపలికెళ్లండి. మెరీనీ వంశపు సుల్తాను అబూ ఇనాన్ 1350లలో కట్టించాడు. ముస్లింలు కానివాళ్లను మసీదుల్లోకి రానివ్వని ఈ ఊళ్లో, వాకిలి దాకా రానిచ్చే కట్టడం ఇది, దీనికి మినారు కూడా ఉంది. నమాజు వేళల్లో ఆపేస్తారు, మరమ్మతులుంటే మూసి ఉండొచ్చు. వాకిట్లో నిలబడి కింది నుంచి పైకి చూడండి: నడుము ఎత్తు దాకా జెల్లీజ్ అనే రంగు పెంకుల ముక్కల పని, ఆ పైన లేసు అల్లినట్టు చెక్కిన గార, ఆ పైన దేవదారు జాతి చెక్క. ఈ వరస ఒకసారి కంటికి పట్టిందంటే ఫెస్‌లో ప్రతి పాత కట్టడంలోనూ అదే కనిపిస్తుంది. దీనికైన ఖర్చు లెక్క చూపిస్తే సుల్తాను ఆ లెక్కల పుస్తకాన్ని నీళ్లలో పారేశాడని చెప్పుకుంటారు. మన కాంట్రాక్టర్లకు ఈ కథ నచ్చుతుంది.

ఎదురుగా గోడకు పన్నెండు కిటికీల వరస ఉంటుంది, తల ఎత్తకపోతే దాటిపోతారు. అది 1357 నాటి నీటి గడియారం. గంట గంటకూ ఒక గుండు కింద ఇత్తడి గిన్నెలో పడేదట. లోపలి యంత్రం ఎలా పనిచేసేదన్నది నేటికీ పూర్తిగా తేలలేదు.

అక్కడి నుంచి కిందికి దిగుతుంటే గైడులందరూ చెప్పే మాటొకటి ఉంది, నిజమైన మాటే. ప్రతి పేటకూ ఐదు ఉండాలి: మసీదు, నీళ్ల కుళాయి, హమ్మామ్ అనే స్నానాల ఇల్లు, రొట్టెల పొయ్యి, పిల్లల బడి. వీటిలో పొయ్యిని వెతకండి. ఇంట్లో పిండి కలిపి, పలక మీద పెట్టి, గుడ్డ కప్పి పిల్లల చేత పంపిస్తారు. పొయ్యి మనిషి కాల్చి ఇస్తాడు. ఏ రొట్టె ఎవరింటిదో ఎలా గుర్తుపడతావని అడిగించాను. "మీ పిల్లల్ని మీరు గుర్తుపట్టరా" అన్నాడు. బూడిద పట్టిన చేతులు, చూపు మాత్రం పొయ్యి మీంచి తిప్పలేదు.

అడుగుకు చేరాక: అత్తరు నుంచి గోరింటాకు దాకా

వీధి ఇరుకై, పైన వెదురు తడకల నీడ మొదలైందంటే అత్తారీన్ బజారుకు వచ్చారని గుర్తు. మన అత్తరే ఆ అత్తారీన్. సుగంధాలు, మసాలాలు అమ్మేవాళ్ల వీధి. ఇక్కడ పేర్లన్నీ ఇలాగే, వృత్తిని బట్టి ఉంటాయి: నెజ్జారీన్ వడ్రంగులది, సెఫ్ఫారీన్ కంచరులది. ఆ లెక్కన పాతబస్తీ మొత్తం ఒక పెద్ద కులవృత్తుల పటం.

గోరింటాకు బజారు చిన్నది. చెట్టు నీడ, గంపల్లో ఎండు ఆకు. దాన్ని ఆనుకునే 1286లో మెరీనీలు కట్టించిన ఆస్పత్రి ఉండేది, మతి చలించినవాళ్లకు అక్కడ వైద్యం చేసేవాళ్లు. కొంగల్ని కూడా అక్కడ బాగుచేసేవాళ్లని చెప్తారు, అందులో నిజమెంతో మీరే తేల్చుకోండి.

నెజ్జారీన్ చౌకులో పాత సత్రం ఒకటుంది. వర్తకులు కింద సరుకు దించి, పై అంతస్తుల్లో పడుకునేవాళ్లు. ఇప్పుడది చెక్కపని మ్యూజియం. పైన మేడ మీద కాఫీ హోటలుంది. మోకాళ్లకు విశ్రాంతి కావాలంటే సరిగ్గా ఇక్కడే.

కాస్త ముందుకెళ్తే వీధికి అడ్డంగా, ఎత్తులో ఒక దుంగ కనబడుతుంది. ఇద్రీసీ రాజు రెండో మౌలే ఇద్రీస్ సమాధి ఆవరణ మొదలైందని గుర్తు. జంతువులు ఆ దుంగ దాటకూడదు. ఒకప్పుడు ముస్లింలు కానివాళ్లు కూడా దాటకూడదు. ఇప్పుడు గుమ్మం దాకా వెళ్లొచ్చు. లోపల ప్రార్థిస్తున్నవాళ్ల మీద కెమెరా జూమ్ చేయకండి.

అల్ ఖరవియ్యీన్ మసీదు కూడా అంతే, గుమ్మంలోంచి చూడటమే. ట్యునీసియాలోని కైరవాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి కూతురు ఫాతిమా అల్ ఫిహ్రీ తనకొచ్చిన ఆస్తితో 859లో దీనికి పునాది వేసిందని సంప్రదాయం. పెరిగి పెరిగి విద్యాపీఠమైంది. ప్రపంచంలో ఆగకుండా నడుస్తున్న విశ్వవిద్యాలయాల్లో ఇదే పాతదని గిన్నిస్ వాళ్లు రాశారు. దీని చుట్టూ దుకాణాలు అల్లుకుపోయి ఉండటంతో భవనం మొత్తం ఒక్కసారిగా కనబడదు. గుమ్మాలన్నీ తెరిచి ఉన్నప్పుడు చుట్టూ తిరుగుతూ ముక్కలు ముక్కలుగా చూడాలి. గుమ్మం తప్పించి లోపలి పని చూడాలంటే పక్కనే ఉన్న అత్తారీన్ మదర్సాకు టికెట్ తీసుకోండి. 1325 నాటిది, చిన్నది, నా లెక్కలో బూ ఇనానియా కన్నా అందమైనది.

తోళ్ల తొట్లు: చూడండి, కొనకపోయినా పర్లేదు

షువారా అనే చోటికి దారి ముక్కే చెప్తుంది. కిందికి దిగి చూడటం కాదు, చుట్టూ ఉన్న తోలు దుకాణాల మేడలెక్కి చూడాలి. మెట్ల దగ్గర చేతిలో పుదీనా రెమ్మ పెడతారు. వద్దనకండి.

పైనుంచి చూస్తే రంగుల పళ్లెంలా ఉంటుంది. తెల్లటి తొట్లలో సున్నం, పావురాల రెట్ట. వెంట్రుకలు ఊడటానికి సున్నం, తోలు మెత్తబడటానికి రెట్ట. ఆ తర్వాత రంగు తొట్లు. మనుషులు తొడల లోతు దిగి కాళ్లతో తొక్కుతుంటారు. మన ఊళ్లలో లంద ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ సున్నం, తంగేడు చెక్క, ఇక్కడ సున్నం, రెట్ట. పని అదే, కంపు అదే, నడుం నొప్పి కూడా అదే. మేడ మీది టూరిస్టులు ఫొటోలు తీస్తూ మురిసిపోతుంటే నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. పొద్దున పూట వెళ్తే పని జోరుగా ఉంటుంది.

మేడ ఎక్కినందుకు షాపు వాళ్లకు పదో ఇరవయ్యో దిర్హామ్‌లిచ్చి దిగిపోవచ్చు. కొనాలనుకుంటే చెప్పులు కొనండి. కొనేముందు లోపల ముక్కు పెట్టి వాసన చూడండి. ఇక్కడ లేదనిపించిన వాసన సూట్‌కేసులో మూడు రోజులకు లేస్తుంది.

గైడు లేకుండా వస్తే జాగ్రత్త పడాల్సింది కూడా ఈ చుట్టుపక్కలే. "అటు దారి మూసేశారు, ఇటు రండి" అని ఒక కుర్రాడు చెప్తాడు. దారి మూసి ఉండదు. వాడి వెంట వెళ్తే చివర్లో రెండు వందలడుగుతాడు. "లా, షుక్రన్" అంటే వద్దు, థాంక్స్. ఆగకుండా అనాలి, ఆగి అంటే బేరం మొదలైనట్టే. నిజంగా తప్పిపోతే పిల్లల్ని కాదు, దుకాణంలో కూర్చున్న పెద్దమనిషిని అడగండి. ఆయన దుకాణం వదిలి మీ వెంట రాలేడు కదా.

చివరి మజిలీ సెఫ్ఫారీన్

ఏదైనా ఒక్కటి వదిలేయాల్సి వస్తే ఇంకేదైనా వదిలేయండి, ఇది వద్దు. చిన్న చౌకు, మధ్యలో చెట్టు, ఒక పక్క ఖరవియ్యీన్ గ్రంథాలయం తలుపు. చుట్టూ కంచరులు. ఒకడు టక్ టక్ అని కొడితే ఇంకొకడు దాని సందులో టకటక అని అందుకుంటాడు. పెళ్లిళ్లకు వంట చేసే రాగి గుండిగలు మనిషి కూర్చుంటే పట్టేంతవి. అవి వరసగా బోర్లించి ఉంటాయి.

అమ్మ ఒక ముసలాయన ముందు ఆగిపోయింది. ఆయన రాగి గిన్నెను నిప్పుల మీద తిప్పుతూ, లోపల తగరం ముక్క రాసి, దూది ఉండతో గిర్రున తుడిచాడు. ఎర్రటి గిన్నె లోపలంతా అద్దంలా తెల్లబడింది. "కళాయి!" అంది అమ్మ పైకే. చిన్నప్పుడు వాళ్ల వీధిలోకి కళాయి సాయిబు వచ్చి తిత్తి ఊదుతుంటే చుట్టూ కూర్చునేవాళ్లట. ముసలాయనకు తెలుగు రాదు, అమ్మకు అరబ్బీ రాదు. ఆయన ఇంకో గిన్నె తీసి, ఈసారి ఆమెకు బాగా కనబడేలా కాస్త పక్కకు తిరిగి కూర్చుని, మళ్లీ మొదటి నుంచి చేసి చూపించాడు. ఇక్కడ టీ కొట్టు మేడ మీద కూర్చుంటే అరగంట ఎలా గడిచిందో తెలియదు. గైడుకు డబ్బిచ్చి పంపేయాల్సింది కూడా ఇక్కడే.

సెఫ్ఫారీన్ నుంచి వాలు పట్టుకుని ఇంకాస్త దిగితే అద్దకం వాళ్ల వీధి. నూలు చిలపలు తాళ్ల మీద ఆరేసి ఉంటాయి, కాలవలో నీళ్ల రంగు రోజుకొకటి. అది దాటితే వంతెన, ఏరు, ర్సీఫ్ చౌకు. కాళ్లలో ఓపిక ఉంటే వంతెన అవతలి పేట చూడండి. 818లో స్పెయిన్‌లోని కార్డోబా నుంచి తరిమేస్తే వచ్చినవాళ్లు ఉన్న పేట అది. టూరిస్టులు తక్కువ, ఖరీదులూ తక్కువ. అక్కడి అందలూస్ మసీదు ఫాతిమా చెల్లెలు మరియం కట్టించిందని అంటారు.

ఓపిక లేకపోతే మళ్లీ పైకి ఎక్కకండి. అందరూ చేసే తప్పు అదే, వచ్చిన దారినే ఎత్తెక్కి నీలం గేటు చేరి, మర్నాడు మంచం దిగరు. ర్సీఫ్ దాకా రోడ్డుంది. ఎర్ర రంగు చిన్న టాక్సీలు ఆగుతాయి, ముగ్గురికి మించి ఎక్కించుకోరు. కూర్చోగానే "కాంతూర్" అనండి, మీటరు వేస్తాడు. "బాబ్ బూ జెలూద్" అంటే గిన్నె అంచు చుట్టూ తిప్పి గేటు దగ్గర దింపుతాడు. చిల్లర చేతిలో పట్టుకునే ఎక్కండి.